రెహేమా టీచర్ పెట్టిన చుక్క

అనగనగా ఒక అడవి ఉండేది. మన కొండల్లో ఉండే అడవి లాంటిది కాదు పిల్లలూ. సముద్రానికి అవతల, ఆఫ్రికా ఖండంలో ఉన్న అడవి. అక్కడ చెట్లు తక్కువ, గడ్డి ఎక్కువ. కనుచూపు మేరా గడ్డే. అక్కడొక తుమ్మచెట్టు, ఇక్కడొక చెదల పుట్ట. ఆ గడ్డి మైదానం అంచున ఒక పెద్ద నది పారుతుంది. వానలు పడినన్నాళ్ళూ నదికి ఇవతల మేత దొరుకుతుంది. ఎండలు ముదిరితే ఇవతల మట్టి తప్ప ఏమీ మిగలదు. పచ్చిక అంతా అవతలి ఒడ్డునే ఉంటుంది. అందుకని ఏటా జీబ్రాలూ జింకలూ కలిసి, మంద మొత్తం నది దాటి వెళ్ళాలి.

నదిలో మొసళ్ళుంటాయి. ఒడ్డున గడ్డిలో సింహాలుంటాయి. దాటడమంటే మాటలు కాదు. అందుకే ఆ అడవిలో ఒక తుమ్మచెట్టు కింద పిల్లలకు బడి పెట్టారు. దానికి కాస్త అవతలే ఒక పెద్ద చెదల పుట్ట.

బడిలో మూడే పాఠాలు. మొదటిది గాలి పాఠం. గాలి ఏ వాసన మోసుకొస్తోందో ముక్కుతో పట్టాలి. రెండోది నేల పాఠం. మట్టి మీద పడిన గుర్తులను చూసి, ఎవరు వెళ్ళారు, ఎటు వెళ్ళారు, ఎప్పుడు వెళ్ళారు అని చదవాలి. మూడోది వరుస పాఠం. నోరు మూసుకుని ఒకరి వెనక ఒకరు నడవాలి. ముందున్నవాళ్ళు కాలెత్తితే ఆగాలి, కాలు దించితే కదలాలి. చెప్పడానికి ఇంతే. నేర్వడానికి మాత్రం వానాకాలం మొత్తం పడుతుంది.

ఎండలు మొదలయ్యే ముందు పరీక్ష. పరీక్ష గట్టెక్కిన పిల్ల నుదుట టీచరు ముక్కుతో ఎర్రమట్టి చుక్క పెడుతుంది. చుక్క ఉన్న పిల్లలు నది దాటేటప్పుడు తమ వరుసలో తాము, పెద్దల సాయం లేకుండా, ముందు నడుస్తారు. చుక్క లేని పిల్లలు తల్లి పొట్ట పక్కన నక్కి, మంద నడుమ నడవాలి. దానికి తప్పేమీ లేదు. కానీ తల్లిదండ్రులకు అది తలవంపులుగా ఉండేది.

ఆ ఏడు ఆ బడికి కొత్త టీచరు వచ్చింది. పేరు రెహేమా. ఆమె ఒక నిప్పుకోడి. పొడవాటి మెడ, పొడవాటి కాళ్ళు, దూరం నుంచే అన్నీ చూడగల పెద్ద కళ్ళు. ఆమె వెనకే అప్పుడే గుడ్డు పగిలి బయటికొచ్చిన నిప్పుకోడి పిల్లలు గునగునా నడిచేవి.

ఆమెకు ముందు ఆ బడిలో ఒక కొంగ మాస్టారు ఉండేవాడు. కిందటేడు పరీక్షలో చాలామంది పిల్లలకు ఆయన చుక్క పెట్టలేదు. పెద్దలకు కోపం వచ్చింది. పాఠం చెప్పడం రానివాడు మనకెందుకని ఆయన్ని పంపేశారు. కొంగ కాబట్టి ఎగిరి ఇంకో చెరువు వెతుక్కున్నాడు. నిప్పుకోడికి రెక్కలున్నా ఎగరలేదు. మంద పక్కన ఉన్నంతసేపే నక్కలు ఆమె పిల్లల జోలికి రావు. మంద పొమ్మంటే ఆ పసికూనలతో ఎక్కడికి పోవాలో రెహేమాకు తెలియదు. ఆ దిగులు గుండెలో పెట్టుకునే ఆమె బడిలో అడుగు పెట్టింది.

మొదటి రోజు ఎండెక్కాక కూడా సగం మంది పిల్లలు రాలేదు. వచ్చినవాళ్ళు ఒకరినొకరు తోసుకుంటున్నారు. కొందరు తల్లులు పిల్లల్ని చెల్లెళ్ళకు కాపలాగా అట్టిపెట్టుకున్నారు. కొందరు తమతో పాటు దూరపు మేతకు తీసుకుపోయారు. ఇక మిగిలినవాళ్ళు ఎక్కడున్నారని రెహేమా మెడ చాచి చూస్తే, అవతల బురదగుంటలో పొర్లుతూ కనిపించారు.

వాళ్ళను బురదగుంటకు తీసుకుపోయింది ఒకెలో. వాడు జీబ్రా పిల్ల, మంద పెద్ద ఒడెరోగారి ఒక్కగానొక్క కొడుకు. మంచి చురుకైనవాడు. పరుగులో వాడిని పట్టుకునేవాళ్ళు లేరు. కానీ కుదురు లేదు. టీచరు గాలి పాఠం చెబుతుంటే వెనక నిలబడి ఆమెలా మెడ సాగదీసి నడిచేవాడు. పిల్లలంతా పడి పడి నవ్వేవారు.

అందరిలోకీ శ్రద్ధగా వినేది అకిని ఒక్కతే. అది చిన్న జింక పిల్ల. తల్లి రోజూ పొద్దున్నే దాన్ని బడి దాకా దిగబెట్టి, అటు నుంచి అటే మేతకు పోయేది. అకిని నేల మీద గుర్తులను ముక్కు ఆనించి మరీ చూసేది. తెలియకపోతే అడిగేది. చెప్పినా తెలియకపోతే మళ్ళీ అడిగేది.

రెహేమా ఊరికే కూర్చోలేదు. ముందు ఒకెలోకు మంచిగా చెప్పి చూసింది. వాడు తలూపి, మర్నాడు మళ్ళీ బురదగుంటకే పోయాడు. తర్వాత వాడిని బడి అయ్యేదాకా పుట్ట పక్కన విడిగా నిలబెట్టింది. ఆ సాయంత్రమే ఒడెరోగారు వచ్చి, మా వాడు ఎండలో నిలబడి నీరసించాడమ్మా అని నెమ్మదిగానే అని వెళ్ళారు. ఆ నెమ్మదికే ఆమెకు ఒళ్ళు చల్లబడింది. మూడోసారి తల్లిదండ్రులందరినీ ఒకసారి బడికి రమ్మని కబురు పంపింది. పిల్లలు దారి తప్పుతున్నారు, అందరం కూర్చుని మాట్లాడుకుందాం అంది. ఆ రోజు తుమ్మచెట్టు కింద అకిని తల్లి ఒక్కతే వచ్చి కూర్చుంది. ఇద్దరూ పొద్దుగూకే దాకా ఎదురుచూసి లేచారు.

ఆ తర్వాత రెహేమా అరవడం మానేసింది. వచ్చినవాళ్ళకు చెప్పింది, రానివాళ్ళను వదిలేసింది. ఒకెలో వెనక నిలబడి వెక్కిరిస్తే చూడనట్టు ఊరుకుంది. బడి అలాగే సాగింది. ఆకాశంలో మబ్బులు పలచబడ్డాయి. గడ్డి కొసలు పసుపుపచ్చగా మారాయి.

పరీక్ష రోజు వచ్చింది. రెహేమా ఒక్కో పిల్లనూ పిలిచి గాలి వాసన అడిగింది. మట్టి మీది గుర్తులు చూపించింది. చివర అందరినీ వరుసలో నడిపించింది. వరుస పుట్ట దాకా కూడా సాగలేదు. మధ్యలోనే తోపులాటై, చెల్లాచెదురైంది. ఒకెలో నక్క అడుగును కుందేలు అడుగు అన్నాడు. అకినీ, మరో ఇద్దరు ముగ్గురూ తప్ప ఎవరూ గట్టెక్కలేదు.

రెహేమా గట్టెక్కిన పిల్లల్ని మళ్ళీ లెక్కపెట్టింది. కిందటేడు కొంగ మాస్టారికి పట్టిన గతే తనకూ పట్టబోతోందని అనుకుంది. ఫలితం రేపు చెబుతానని పిల్లల్ని పంపేసింది.

మర్నాడు తెల్లవారేసరికి ఒడెరోగారు పుట్ట దగ్గర నిలబడి ఉన్నారు. ఆయన బెదిరించలేదు. బెదిరిస్తే ఆమెకు కొంచెం ధైర్యమైనా వచ్చేదేమో.

"పిల్లలన్నాక ఆడుకుంటారు టీచరమ్మా," అన్నారాయన. "నది దాటే రోజు పెద్దవాళ్ళం మేమంతా ఉంటాం. ఎన్ని ఏళ్ళుగా దాటడం లేదూ మనం? ఒక్క చుక్క కోసం పిల్లల మనసు విరగ్గొట్టడం దేనికి? అందరికీ పెట్టేయండి. మీకూ మంచి పేరొస్తుంది."

ఆమె ఏదో చెప్పబోయింది. ఒడెరోగారు ఆమె కాళ్ళ దగ్గర తిరుగుతున్న కూనల వైపు చూశారు.

"ముద్దుగా ఉన్నాయి," అన్నారు. "ఈ వయసులో మందను అంటిపెట్టుకుని ఉంటేనే క్షేమం."

అంతే అని వెళ్ళిపోయారు.

రెహేమా కూనల్ని పుట్ట నీడకు తోలింది. తనకు తానే ఎన్నో చెప్పుకుంది. ఏమో, ఈసారి నదిలో నీళ్ళు తక్కువ ఉంటాయేమో. దాటే లోపల ఇళ్ళల్లో తల్లులు నేర్పుకుంటారేమో. పెద్దవాళ్ళు పక్కనే ఉంటామన్నారు కదా, ఏమవుతుంది. ఇలా ఒక్కొక్కటీ చెప్పుకుంటూ ఎర్రమట్టి తడిపింది. పిల్లలు వచ్చారు. ముక్కు మట్టిలో ముంచి ఒక్కొక్కరి నుదుటా చుక్క పెట్టింది. ఒకెలో నుదుట పెట్టేటప్పుడు చుక్క కొంచెం వంకర పోయింది.

ఆ రోజు మందలో పండగే. తల్లులు పిల్లల్ని నాకి ముద్దులాడారు. ఎదురుపడ్డ ప్రతివాళ్ళూ టీచరమ్మ చేయి మంచిది అన్నారు. ఇలాంటి టీచరు ఇన్నాళ్ళూ లేక మన పిల్లలు వెనకబడ్డారు అన్నారు. రెహేమా అందరికీ తలూపింది. ఆ రాత్రి ఆమెకు కునుకు పట్టలేదు.

అప్పటి నుంచీ అంతే. గాలి కొంచెం వేడిగా వీచినా ఆమె గుండె ఝల్లుమనేది. గడ్డి ఎండుతున్న కొద్దీ నది దాటే రోజు దగ్గరపడుతోంది. ఆమె మెడ చాచి నది వైపు చూసేది. దూరంగా నీళ్ళు మెరుస్తూ కనిపించేవి. వెంటనే కళ్ళు తిప్పుకునేది.

మిగిలిన రోజుల్లోనైనా నేర్పుదామని పిల్లల్ని బడికి పిలిచింది. ఎవరూ రాలేదు. గట్టెక్కాం కదా టీచర్, ఇంకా బడి ఏమిటని నవ్వారు. అకిని మాత్రం వచ్చింది. వచ్చి, దూరంగా నిలబడింది.

"టీచర్, ఒక మాట అడగనా?" అంది.

"అడుగమ్మా."

"నాకూ చుక్క పెట్టారు. ఒకెలోకూ చుక్క పెట్టారు. మరి నేను రోజూ ఎందుకొచ్చాను?"

నువ్వు మంచి పిల్లవు కదా అని రెహేమా ఏదో అంది. అకిని ఆ మాట విని, నేల చూస్తూ వెళ్ళిపోయింది. మర్నాటి నుంచి అదీ రాలేదు.

అప్పుడు రెహేమాకు భయం రెట్టింపైంది. ఎలాగైనా ఒడెరోగారికి ఉన్నది ఉన్నట్టు చెప్పేయాలని బయలుదేరింది. ఆయన పెద్దలందరి మధ్య ఉన్నారు. ఆమెను చూడగానే ఎదురొచ్చి, టీచరంటే ఇలా ఉండాలని అందరి ముందూ మెచ్చుకున్నారు. ఊరికే చూసిపోదామని వచ్చానని చెప్పి రెహేమా వెనక్కి తిరిగింది. దారంతా తనను తాను తిట్టుకుంది.

చివరికి ఆ రోజు రానే వచ్చింది. మంద మొత్తం నది వైపు కదిలింది. చుక్కలు పెట్టుకున్న పిల్లలు ముందు నిలబడ్డారు. ఎన్నడూ లేనంత పొడవైన వరుస అది. మంద పెద్ద కొడుకని ఒకెలోను అందరికంటే ముందు పెట్టారు. అకిని పేదింటి పిల్ల, దాని తల్లికి ముందుకొచ్చి అడిగే అలవాటు లేదు. అందుకని దాన్ని చిట్టచివర నిలబెట్టారు. రెహేమా తన కూనలతో పక్కనే నడిచింది. ఇప్పుడైనా చెప్పు, ఇప్పుడైనా చెప్పు అని లోపల ఎవరో పొడుస్తున్నట్టే ఉంది. ఆ తుమ్మచెట్టు దాటాక చెబుతాననుకుంది. అది దాటింది. ఆ రాళ్ళు దాటాక చెబుతాననుకుంది. రాళ్ళూ దాటిపోయాయి.

వరుస వరుసలా లేదు. పిల్లలు ఒకరినొకరు తోసుకుంటూ, కేకలు వేసుకుంటూ, పందెం పరుగులా పోతున్నారు. చుట్టూ పెద్దలు మురిసిపోతూ చూస్తున్నారు.

రేవు దగ్గరికి వచ్చారు. ఒడ్డున తడి మట్టి. ఆ మట్టి మీద గడ్డి లోంచి నీళ్ళలోకి వెడల్పాటి గీత ఒకటి ఉంది. దానికి రెండు పక్కలా గోళ్ళ గుర్తులు. మొసలి పొట్ట ఈడ్చుకుంటూ అప్పుడే నీళ్ళలోకి జారిన గుర్తు అది. నేల పాఠంలో అందరికంటే ముందు చెప్పే గుర్తు.

చిట్టచివర నుంచి పక్కకు జరిగి, దూరం నుంచే దాన్ని చూసింది అకిని. ఆగండి, దిగకండి అని అరిచింది. ఆ గోలలో ఆ చిన్న గొంతు ఎవరికి వినిపిస్తుంది. ముందున్నవాళ్ళు వెనక్కి చూడలేదు. రెహేమా కూడా గీత చూసింది. కూనల్ని వదిలేసి పరుగెత్తింది. నిప్పుకోడి పరుగు మామూలు పరుగు కాదు. అయినా ఆమె ఒడ్డు చేరేసరికే ఒకెలో ఆ గీత మీంచి నడిచి మోకాలి లోతు నీళ్ళలో ఉన్నాడు.

నీళ్ళు ఒక్కసారి పైకి లేచాయి. మొసలి వాడి వెనక కాలు పట్టుకుంది.

ఒడెరోగారు గాలిలోకి ఎగిరి నీళ్ళలో దూకారు. వెనక కాళ్ళతో మొసలి తల మీద తన్నారు, తన్నారు, తన్నుతూనే ఉన్నారు. రెహేమా మెడ చాచి, తన ముక్కుతో దాని కంటి మీద పొడిచింది. ఎప్పటికో అది పట్టు వదిలింది. ఇద్దరూ కలిసి ఒకెలోను ఒడ్డుకు ఈడ్చారు. కాలు చీరుకుపోయి రక్తం కారుతోంది. వాడు ఏడవడం లేదు. పళ్ళు టకటకలాడుతున్నాయి. నుదుట చుక్క నీళ్ళకు కరిగి ఎర్రగా కంట్లోకి కారింది.

మంద బెదిరి వెనక్కి మళ్ళింది. ఆ రోజు ఎవరూ నది దాటలేదు.

సాయంత్రం పెద్దలంతా చేరారు. ఒకరు ఈ ఏడు నది మంచిది కాదన్నారు. ఇంకొకరు మొసళ్ళు మరీ మితిమీరాయన్నారు. ఒడెరోగారు కొడుకు పక్కన కూర్చుని, అంతా మా రాత అన్నారు. ఎవరూ బడి మాట ఎత్తలేదు. ఎవరూ రెహేమా వైపు చూడలేదు. ఆమె గుండెల మీద నుంచి ఒక బరువు దిగినట్టైంది. హమ్మయ్య అనుకుంది. ఆ మరుక్షణమే, తాను హమ్మయ్య అనుకున్నందుకు ఆమెకు తన మీద తనకే భయమేసింది. పసివాడి కాలు అలా వేలాడుతుంటే తనకు హాయిగా ఎలా ఉంది?

ఆమె లేచి నిలబడింది. కూనలు ఆమె కాళ్ళ సందున చేరాయి.

"రాత కాదు," అంది. "ఒకెలో పరీక్ష గట్టెక్కలేదు. వీళ్ళల్లో చాలామంది గట్టెక్కలేదు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే చుక్క పెట్టాను. నన్ను పంపేస్తారని భయపడి పెట్టాను."

ఒక్కసారిగా కలకలం రేగింది. ఇంత మోసమా అన్నారు. కొంగ మాస్టారే నయం అన్నారు. ఇప్పుడే పంపేయమన్నారు. రెహేమా తల వంచుకుని నిలబడింది. ఒడెరోగారు నోరు విప్పలేదు. చుక్క పెట్టమని తాను అడిగిన సంగతి ఆయనకూ ఆమెకూ తప్ప ఇంకెవరికీ తెలియదు. ఆమె కూడా ఆ మాట చెప్పలేదు.

అప్పుడు ఒకెలో తల ఎత్తాడు. గొంతు చాలా బలహీనంగా ఉంది.

"నాన్నా, ఆ గీత నేనూ చూశాను," అన్నాడు. "ఏదో దుంగ కొట్టుకుపోయిన గీత అనుకున్నాను. నాకు రాదని నాకెవరూ చెప్పలేదు నాన్నా."

ఒడెరోగారి చెవులు వాలిపోయాయి. ఆయన కొడుకు వైపు చూడలేక నేల చూశారు. తర్వాత లేచి అందరికీ వినబడేలా చెప్పారు.

"టీచరమ్మ చెప్పబోయింది. నేనే చెప్పనివ్వలేదు. చుక్క పెట్టమని అడిగింది నేను. పంపాల్సి వస్తే ముందు నన్ను పంపండి."

అకిని తల్లి ఒక్కతే, ఎప్పుడూ ముందుకు రానిది, ముందుకు వచ్చింది. ఎవరిని పంపితే ఏం లాభమని అడిగింది. టీచరమ్మ రమ్మని కబురు పెట్టిన రోజు చెట్టు కింద నేనొక్కదాన్నే ఉన్నాను, అప్పుడు మీరంతా ఎక్కడున్నారని అడిగింది. ఇవతల గడ్డి అయిపోవచ్చింది, పిల్లలకు నేర్పుకోకపోతే అవతలికి ఎలా పోతామంది.

మర్నాడే బడి మొదలైంది. ఈసారి పిల్లల వెనక తల్లిదండ్రులు కూడా నిలబడ్డారు. పొద్దు పొడవక ముందే పిల్లల్ని తీసుకొచ్చి దిగబెట్టారు. బురదగుంట వైపు ఎవరైనా అడుగేస్తే ఏ పిల్లైనా సరే, ఎవరి పిల్లైనా సరే, దగ్గరున్న పెద్దవాళ్ళే వెనక్కి తీసుకొచ్చారు.

అకిని మాత్రం రాలేదు. రెహేమానే దాని దగ్గరికి వెళ్ళింది. నీ ప్రశ్నకు ఆ రోజు జవాబు చెప్పలేకపోయానమ్మా, నువ్వు కష్టపడి తెచ్చుకున్నదాన్ని నేను విలువ లేకుండా చేశాను, తప్పు నాదే అంది. ఆ తర్వాతి పొద్దున అకిని వచ్చి ముందు నిలబడింది.

ఆ రోజులు తేలిగ్గా గడవలేదు పిల్లలూ. ఒక పక్క పాఠం తొందర, ఇంకో పక్క ఆకలి. గడ్డి వేళ్ళ దాకా అయిపోయింది. డొక్కలు లోపలికి పోయాయి. ఒక ముసలి జీబ్రా పడుకుని మళ్ళీ లేవలేదు. ఆ చోటు దాటినప్పుడల్లా రెహేమా తల దించుకునేది. సరిగ్గా సమయానికి నిజం చెప్పి ఉంటే ఈపాటికి మంద అవతలి పచ్చికలో ఉండేది కదా అనిపించేది. అలా అని తొందరపడి మళ్ళీ ఎవరికీ ఊరికే చుక్క పెట్టలేదు.

మళ్ళీ పరీక్ష పెట్టింది. ఈసారి చాలామందే గట్టెక్కారు. కొందరు ఎక్కలేదు. వాళ్ళల్లో ఒకెలో ఉన్నాడు. వాడు కాలు బాగయ్యేదాకా పడుకునే ఉండటంతో బడికి ఆలస్యంగా వచ్చాడు. గాలి పాఠం వచ్చింది, నేల పాఠం ఇంకా రాలేదు. రెహేమా వాడి ముందుకు వెళ్ళింది. వెనక ఒడెరోగారు నిలబడి ఉన్నారు. ఆమె ఆయన వైపు చూడలేదు, పిల్లవాడి కళ్ళలోకి చూసింది.

"నీకింకా రాలేదు నాన్నా," అంది. "ఇంకొంచెం నేర్చుకోవాలి. నేను నేర్పుతాను."

ఒకెలో తండ్రి వైపు చూశాడు. ఒడెరోగారు తలూపారు. మర్నాడు పొద్దున రెహేమా పుట్ట దగ్గరికి వచ్చేసరికి ఒకెలో కుంటుకుంటూ వచ్చి, అప్పటికే నేల మీద ముక్కు పెట్టి ఉన్నాడు.

ఇక ఆగలేక మంద మళ్ళీ నది వైపు కదిలింది. ఈసారి వరుసకు ముందు అకిని నడిచింది. కేకలు లేవు, తోపులాట లేదు. గిట్టల చప్పుడు తప్ప ఏమీ వినిపించడం లేదు. రెహేమా పక్కనే నడుస్తోంది. రేవు దగ్గర అకిని ముందు కాలు ఎత్తింది. వరుస మొత్తం రాతి బొమ్మల్లా ఆగిపోయింది. వెనక మంద ఆగింది. అకిని గాలి పీల్చింది, మట్టి మీద మళ్ళీ అదే వెడల్పాటి గీత చూసింది, పక్కకు తిరిగి కాలు దించింది. అందరూ దాని వెనకే తిరిగి, ఎగువన ఉన్న రాళ్ళ రేవు దాకా నడిచారు. అక్కడ నీళ్ళు పలచన. నేల మీద మొసలి గుర్తులేవీ లేవు. అకిని మళ్ళీ కాలెత్తి, చూసి, దించింది. ఒడ్డునే నిలబడి వరుసను నీళ్ళలోకి పంపింది.

చుక్క లేని పిల్లలు మంద నడుమ తల్లుల పక్కన నడుస్తున్నారు. ఒకెలోకు ఒక పక్క తల్లి ఉంది. మంద పెద్ద ఎప్పుడూ పిల్లల వరుస వెనకే, పెద్దలందరికంటే ముందు నడవాలి. అది ఆ అడవి ఆచారం. కానీ ఆ రోజు ఒడెరోగారు ముందు చోటు వదిలేసి, నడుమకు వచ్చి, కొడుకుకు రెండో పక్క నడిచారు. నీళ్ళ అంచున ఇసుక మీద ఏదో గుర్తు కనబడితే ఆయన ఆగి, ఇదేమిట్రా అని మెల్లగా అడిగారు.

ఒకెలో దాన్ని ముక్కు ఆనించి చూశాడు.

"నాకు తెలీదు నాన్నా," అన్నాడు. "అకినిని అడిగి దిగుదాం."

ఆ మాట రెహేమా చెవిన పడింది. ఎన్నో రోజుల తర్వాత ఆమె ఊపిరి నిండుగా పీల్చుకుంది. అకిని ఆ గుర్తు చూసి తలూపాక, కూనల్ని ముందుకు తోలుకుంటూ నీళ్ళలోకి అడుగు పెట్టింది.

నీతి: రానిదాన్ని రాదని చెప్పడం పిల్లలకు అవమానం కాదు, రక్షణ. చదవకుండా దక్కిన గెలుపు ఒడ్డున మురిపిస్తుంది, ఏట్లో ముంచుతుంది.